కొనలేనివాళ్లే స్పెక్స్ బట్టీ కొడతారట!

రెండు వారాల్నుంచి కడుపులో దాచుకున్న మంట ఇది. ఇవాళ కక్కేస్తున్నా, భరించండి.

మా టీములో ఒకాయనున్నాడు. నాకంటే ఆరేళ్లు సీనియరు. మంచి కోడరు, ఆ విషయంలో వంక పెట్టను. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో మస్టాంగ్ కొన్నాడు. 2016లో ఫోర్డ్ మన దేశంలో అమ్మకానికి పెట్టిన ఐదు లీటర్ల వీ8 జీటీ. అప్పట్లో ఢిల్లీ షోరూం ధరే 65 లక్షలు. కొనుక్కున్నాడు, సంతోషం. నేనూ బేస్‌మెంట్ పార్కింగులో దాని చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసొచ్చా. లంచ్ దగ్గర ఉత్సాహం ఆపుకోలేక మొదటి తరం మస్టాంగ్ గురించి ఏదో చెప్పబోయా. ఆయన నవ్వి, "కొనలేనివాళ్లే బాసూ స్పెక్స్ బట్టీ కొడతారు. కొన్నవాళ్లు నడుపుతారు" అన్నాడు. టేబుల్ మొత్తం ఘొల్లుమంది. నేనూ నవ్వాననుకోండి, అప్రైజల్ సీజన్ కదా :-)

కానీ ఆ మాట ముల్లులా దిగింది. ఎందుకంటే ఇది ఒక్క ఆయన మాట కాదు, మన మైండ్‌స్పేస్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా అందరి మాటా ఇదే. తెలుసుకోవడం లేనోడి పని, కొనడం ఉన్నోడి పని. ఇంతమంది ఇంజనీరింగ్ చదివినవాళ్లం ఒక్కచోట చేరి, ఇంజనీరింగ్‌కిచ్చే గౌరవం ఇదా?

ఇక అసలు కథ. పోయిన నెల మా మేనమామ కంటి పరీక్షకని బెజవాడ నుంచి వచ్చాడు. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. అంబాసిడర్లు, మాటడోర్లు, ట్రాక్టర్లు, లారీలు. నేను మెకానికల్ తీసుకుంది ఆయన్ని చూసే. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫర్ రాగానే ఆ మెకానికల్‌ని అటకెక్కించింది కూడా నేనే, అది వేరే సంగతి. ఆదివారం పొద్దున్నే ఆరింటికి కోకాపేట వైపు తీసుకెళ్లా. ఔటర్ రింగ్ రోడ్డెక్కే ముందు ఖరీదైన బండ్లన్నీ కాఫీకని ఆగుతాయి కదా, చూపిద్దామని. అక్కడ ఓ పసుప్పచ్చ మస్టాంగ్ ఐడిలింగ్‌లో నిలబడి ఉంది. చుట్టూ ఫోన్లతో పాతికమంది. మా మామ దగ్గరికెళ్లి, తల వంచి, కళ్లు మూసుకుని అర నిమిషం విన్నాడు. విని, ఓనరుతో మర్యాదగా, "బాబూ, ఎనిమిది సిలిండర్లుంటాయా? మిస్సింగేమన్నా ఉందా, దెబ్బ సమానంగా పడట్లేదూ?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఓనరు కుర్రాడు, "అంకుల్, ఇది అమెరికన్ మజిల్. సౌండే అలా వస్తుంది. కొంచెం దూరం నిలబడండి, గీతలు పడతాయి" అన్నాడు. మామ చేతులు వెనక్కి కట్టుకుని పక్కకొచ్చేశాడు.

సౌండే అలా వస్తుంది. సరే.. ఎందుకలా వస్తుంది? ఆ పాతికమందిలో ఒక్కడు చెప్పలేదు. ఒకడు సైలెన్సర్ ట్యూనింగ్ అన్నాడు. ఆ పొద్దున అక్కడ ఎవరైనా అడిగిన ఒకే ఒక్క తెలివైన ప్రశ్న మా మామది. దానికి బహుమానం, దూరం నిలబడమని.

ఇంటికొచ్చాక కాగితం మీద గీసి చెప్పా. ఎనిమిది సిలిండర్లూ రెండు వరసలు, వరసకి నాలుగు. క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోపు, అంటే 720 డిగ్రీల్లో ఎనిమిది పేలుళ్లు. మొత్తంగా చూస్తే సరిగ్గా 90 డిగ్రీలకొకటి, ఎక్కడా తేడా లేదు. కానీ క్రాంక్ పిన్నులు ఒకే తలంలో కాకుండా, ఎదురు నుంచి చూస్తే ప్లస్ గుర్తులా ఉంటాయి. వణుకు తగ్గించడానికి 1920లలో కాడిలాక్ మార్కెట్లోకి తెచ్చిన పద్ధతి, అమెరికన్ వీ8లకి అదే సంప్రదాయమైంది. దానివల్ల ఒక్కో వరసని విడిగా వింటే 180, 90, 180, 270 డిగ్రీల ఎడంతో పేలుతుంది. ఒక్కో వరసకి ఒక్కో పైపు, అందుకే ఆ గుడగుడ. మామ కాగితం వంక చూసి, "అంటే ఒకే పక్క రెండు దెబ్బలు వెంటవెంటనే పడి, తర్వాత ఊపిరి తీసుకుంటదన్నమాట. మరి మిస్సింగ్ అనిపించదేంట్రా అల్లుడూ!" అన్నాడు. ఆయన పదో తరగతి తప్పాడు.

ఇప్పుడు చెప్పండి, ఆ బండి ఎవరిది? ఆర్‌సీలో పేరెవరిదో నాకూ తెలుసు. నేనడిగేది అది కాదు.

అసలు ఈ కార్ల చరిత్రే మావాడి మాటకి జవాబు. 1953లో కార్వెట్ వచ్చినప్పుడు చూడ్డానికి సూపరు, లోపల ఆరు సిలిండర్ల పాత ఇంజను, రెండే గేర్ల ఆటోమేటిక్. ఆ ఏడాది కట్టినవి 300. దాన్ని నిజమైన స్పోర్ట్స్ కారుగా మార్చినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు జోరా ఆర్కస్-డంటోవ్. బెల్జియంలో పుట్టిన రష్యన్ల బిడ్డ, వలసొచ్చిన ఇంజనీరు, మన హెచ్1బీ బాపతే అనుకోండి. న్యూయార్క్ ఎగ్జిబిషన్లో కార్వెట్‌ని చూసి, మోజుపడి, షెవ్రొలే వాళ్లకి ఉత్తరం రాసి ఉద్యోగంలో చేరాడు. కొని ఫొటో దిగలేదు, చూసి లోపం కనిపెట్టాడు. 1955లో వీ8 పడింది, ఆ తర్వాత కథ మీకు తెలిసిందే.

మస్టాంగ్ సంగతి ఇంకా విడ్డూరం. 1964 ఏప్రిల్ 17న విడుదలైనప్పుడు ధర 2,368 డాలర్లు. ఫాల్కన్ అనే మామూలు కుటుంబం కారు అడుగు మీద కట్టారు, బేస్ మోడల్లో ఆరు సిలిండర్లే. టైపిస్టులూ కుర్ర ఉద్యోగులూ కొనుక్కుందుకే చేశారు, ఏడాదిలో నాలుగు లక్షలకి పైగా అమ్మారు. అంటే అది సామాన్యుడి కారు! (మస్టాంగ్ స్పోర్ట్స్ కారు కాదు, పోనీ కారు అని తగువుకొచ్చే మహానుభావులకి నమస్కారం, మీరు చెప్పింది నిజమే.) ఆ సామాన్యుడి కారుని ఇక్కడ కోటీశ్వరుల దర్పం చేసింది మన దిగుమతి సుంకాలు. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించింది. ఇక్కడే తయారు చేస్తే ఉండండి, లేకపోతే లేదని ప్రభుత్వం అనేసరికి 1954లో మూసేసింది. కార్వెట్ పుట్టిన మరుసటేడే! తర్వాత మూడు దశాబ్దాలు మనకి అంబాసిడరూ ఫియట్టూనే దిక్కు. కాబట్టి మన తరానికి ఈ కార్ల మీద ప్రేమంటూ ఉంటే, అది కొనకుండా పుట్టిన ప్రేమే. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది?

నన్ను నేను కూడా వదలను. నంబర్లు బట్టీ కొట్టే నాలాంటివాళ్లలోనూ సగం మందికి నంబరు వెనకున్నది తెలీదు. 1971 బేస్ కార్వెట్ 270 హార్స్‌పవర్, 1972ది 200. కాలేజీలో ఉన్నప్పుడు "ఒక్క ఏడాదిలో 70 గుర్రాలు చచ్చిపోయాయి, కాలుష్యం రూల్స్ వల్ల" అని స్నేహితులకి తెగ లెక్చరిచ్చేవాణ్ణి. తీరా చూస్తే ఇంజను దాదాపు అదే. అంతకుముందు ఆల్టర్నేటరూ సైలెన్సరూ లాంటివి లేకుండా ఒట్టి ఇంజన్ని కొలిచేవాళ్లు, 1972 నుంచి అన్నీ తగిలించి కొలిచారు. బెంచ్‌మార్క్ మారింది, కోడ్ కాదు. రోజూ ఇదే పని చేసే నేను ఐదేళ్లు ఆ తప్పు మోశా. కాబట్టి బట్టీ పట్టడాన్ని వెనకేసుకు రావట్లేదు. మా సీనియర్ బట్టీని ఎగతాళి చేసుంటే ఊరుకునేవాణ్ణే. ఆయన ఎగతాళి చేసింది తెలుసుకోవడాన్ని.

ఇంకో రకం ఉన్నారు. "లీటరుకెంతిస్తుంది? రీసేల్ ఎంత?" బృందం. వీళ్లతో నాకు పెద్ద పేచీ లేదు. పెట్రోలు తాగుతుంది, నిజమే, సమర్థించుకోను. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి మస్టాంగ్‌లో ఆఫీసుకి రమ్మని ఎవడూ అనట్లేదు. కానీ మా క్లాస్‌మేట్ ఒకడు డల్లాస్‌లో 1966 మస్టాంగ్ కొన్నప్పుడు అక్కడి మన తెలుగువాళ్లు వాణ్ణి ఆడుకున్న తీరు వింటే ఒళ్లు మండింది. వాడు కొన్నది వీ8 కూడా కాదు, ఆరు సిలిండర్లదే, అందుకే చవగ్గా వచ్చింది. "క్యామ్రీ తీసుకోక పాత ఇనుమెందుకురా" అని పాట్‌లక్‌లో పెద్దలంతా హితబోధ. వాడు మాత్రం గరాజ్‌లో కార్బొరేటర్ విప్పి బల్ల మీద పరుచుకుని, ఏ స్క్రూ ఎక్కడిదో ఫొటోలు తీసుకుంటున్నాడు. కొన్న రోజు నాకు మొదట పంపింది కారు ఫొటో కాదు, చాసిస్ నంబరు. 6, ఆర్, 07, టీ. 6 అంటే 1966. ఆర్ అంటే కాలిఫోర్నియా శాన్ హోసే ఫ్యాక్టరీ. 07 మామూలు రెండు తలుపుల హార్డ్‌టాప్. టీ అంటే 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను. అదే టీ స్థానంలో కే ఉంటే హై పెర్ఫార్మెన్స్ 289 వీ8, ధర ఎక్కడికో వెళ్తుంది, అందుకే ఆ ఒక్క అక్షరం కోసం మోసాలు జరుగుతాయి. చదవడం వచ్చినవాడు మోసపోడు. తెలుసుకోవడం లేనోడి పని అన్నారే, ఇదిగో, కొనేవాడికే ముందు కావాల్సింది ఇది.

వాడు తిరిగొచ్చేద్దామనుకుంటున్నాడు. కారు తెచ్చుకోవచ్చా అని అడిగాడు. ఇదివరకైతే మూడేళ్లు దాటిన పాత కారు, అందులోనూ ఎడమ స్టీరింగ్, ఊసే ఎత్తనిచ్చేవాళ్లు కాదు. యాభై ఏళ్లు దాటినవాటికి 2025లో కేంద్రం దారి తెరిచింది. సుంకం వాచిపోతుంది, అది వేరు. 2021 రూల్స్ ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబర్లో వీఏ అని వస్తుంది, ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే రోజువారీ వాడకానికి ఒప్పుకోరు. వాడికి రోజూ వాడాలని లేదు. విప్పి బిగించడానికి ఓ షెడ్డూ, చెయ్యి తిరిగిన ఓ మనిషీ ఉంటే చాలంటున్నాడు.

మనిషి సంగతి నేను చూస్తానన్నా. మామకి చెప్తే మొదట నమ్మలేదు. నిన్న ఆయనే ఫోన్ చేసి, "ఆ ఆరు సిలిండర్ల దానికి కార్బొరేటర్ ఒక నోరుదా, రెండు నోళ్లదా అడుగు అల్లుడూ" అన్నాడు. ఒకటేనట. వచ్చే ఆదివారం పొద్దున, అంటే డల్లాస్‌లో శనివారం రాత్రి, వాడు వీడియో కాల్‌లో బోనెట్ ఎత్తి స్టార్ట్ చేస్తాడు. స్పీకర్ గట్టిగా పెట్టమన్నాడు మామ.