కంప్యూటరుతో పాటు కుర్చీ కూడా కావాలి

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుండి వచ్చిన మాలో చాలామంది అమ్మలు చాట ఒళ్లో పెట్టుకొని, మెడ వంచి బీడీలు చుట్టినవారే. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. మెడనొప్పికి, వేళ్ల తిమ్మిరికి లెక్క లేదు. సిరిసిల్ల సాంచాల దగ్గర నిలబడ్డ నాయనల నడుముల సంగతీ అంతే. పని చేసే తీరే రోగమవుతుందని 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జిని రాశాడు. రాతగాళ్లు కదలక కూర్చోవడం, చేతిని ఒకే తీరుగా ఆడించడం గురించి కూడా చెప్పాడు. ఆ రాతగాళ్లం ఇప్పుడు మేమే!

హాస్టల్‌కు కంప్యూటర్ వస్తే పండుగ చేసుకుంటాం. దాని ముందు వేసేది మాత్రం కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, లేకుంటే రేకు పెట్టె.

తెర పైఅంచు కళ్ల ఎత్తున, చేయి చాపినంత దూరంలో ఉండాలి. మోచేతులు బల్ల ఎత్తుకు రావాలి, మణికట్టు వంగరాదు, పాదాలు నేలకు ఆనాలి. పొట్టివాళ్లకు కాళ్ల కింద ఇటుకలు, నడుము వెనుక మడిచిన దుప్పటి చాలు. ల్యాప్‌టాప్‌ను పుస్తకాలపై ఎత్తితే మాత్రం వేరే కీబోర్డు తప్పదు. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వేపచెట్టునో, గోడనో 20 సెకన్లు చూస్తే కళ్లకు విశ్రాంతి. ఎంత మంచి కుర్చీ అయినా మధ్యమధ్య లేవకపోతే దండుగే.

అలాగని ఇటుకలతో సరిపెట్టుకొమ్మనడం న్యాయం కాదు. కంప్యూటర్లు కొనే అంచనాలోనే బల్ల, ఎత్తు మార్చుకునే కుర్చీ ఉండాలి. ఈసారి వార్డెన్ గారికిచ్చే వినతిపత్రంలో మంచినీళ్లు, దుప్పట్ల తర్వాత ఈ మాట కూడా రాద్దాం. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు కూడా దానిపై సంతకం పెట్టాలని మా కోరిక.