తరగతి పేజీ టీచరే కట్టుకోవాలి

సాయంత్రం ఏడున్నరకు తరగతి వాట్సాప్ గ్రూపులో టీచరు ఇంటిపని పెడతారు. తొమ్మిదయ్యేసరికి దాని మీద రెండు పుట్టినరోజు శుభాకాంక్షలు, ఒక భక్తి వీడియో, వరసగా దండాల బొమ్మలు వచ్చి పడతాయి. పనులన్నీ ముగించుకుని ఫోను పట్టుకున్న తల్లికి ఆ సందేశం ఎంత వెతికినా కనపడదు. మళ్లీ టీచరుకే ఫోను.

ఈ వారం పాఠం, ఇంటిపని, పరీక్ష తేదీలు, టీచరును ఏ వేళకు కలవొచ్చు అన్న సంగతి. ఈ నాలుగూ ఎప్పుడు చూసినా ఒకేచోట దొరకాలంటే తరగతికి ఒక వెబ్ పేజీ ఉండాలి. 1991లో టిమ్ బెర్నర్స్ లీ ప్రపంచం ముందు పెట్టిన మొదటి వెబ్ పేజీలో ఉన్నవి అక్షరాలు, లింకులే. తరగతి పేజీకి ఈనాటికీ అంతకుమించి అక్కర్లేదు. గూగుల్ సైట్స్ లాంటి ఉచిత సాధనంతో ఒక్క వరస కోడ్ రాయకుండానే దాన్ని తయారు చేసుకోవచ్చు.

మరి ఎందుకు చేసుకోవడం లేదు? చేతకాక మాత్రం కాదు. పీఆర్సీ లెక్కలు, ఆదాయపన్ను ఫారాలు, జీవోల ప్రతులు అందించే తెలుగు వెబ్‌సైట్లలో ఉపాధ్యాయులు సొంతంగా నడుపుతున్నవి ఎన్నో ఉన్నాయి. చిక్కంతా మరోచోట ఉంది. డిజిటల్ అనగానే టీచరుకు గుర్తొచ్చేది పైనుంచి దిగే యాప్. హాజరుకు యాప్, మధ్యాహ్న భోజనానికి యాప్, ఆంధ్రప్రదేశ్‌లోనైతే మరుగుదొడ్ల ఫొటోలకూ యాప్ వచ్చింది. ఇవన్నీ పైవారికి లెక్క చెప్పడానికే గానీ అమ్మానాన్నలతో మాట్లాడటానికి కావు. 2017లో కేంద్రం తెచ్చిన దీక్ష వేదిక మేలైనదే. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వీడియో పాఠం వస్తుంది. కానీ ఐదో తరగతి బి సెక్షన్‌కు శుక్రవారం డిక్టేషన్ ఉందన్న కబురు అందులో ఉండదు. అది ఆ తరగతి టీచరే చెప్పాలి.

కాబట్టి సాయం చేయదలచినవారు సైట్ కట్టి చేతిలో పెట్టకూడదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి, మౌస్ టీచరు చేతిలోనే ఉండాలి. ఇంకొకరు కట్టిన పేజీలో తప్పు దిద్దాలన్నా, తేదీ మార్చాలన్నా వాళ్లకే ఫోను చేయాలి. నాలుగు నెలలకు అది పాతబడిపోతుంది.

మొదటి అరగంటలోనే తెలుగు అక్షరాల గొడవ ఎదురవుతుంది. ప్రశ్నపత్రాలు చాలాచోట్ల ఇంకా డీటీపీ సెంటర్లు వాడే ‘అను’ ఫాంట్లలోనే ఉంటాయి. వాటిని కాపీ చేసి పేజీలో అతికిస్తే పిచ్చిగీతల్లా ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను కూర్చినవి మరి. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్నాయి. ఫోనులో రోజూ కొట్టే తెలుగు యూనికోడే. ఇది విడమరచి చెప్పకపోతే టీచరు విసుగెత్తి కాగితాన్ని ఫొటో తీసి పెట్టేస్తారు.

ఆ ఫొటో దగ్గరే నష్టం మొదలవుతుంది. యూనికోడ్ తెలుగులో ఒక్కో సంకేతానికి మామూలుగా మూడు బైట్లు పడతాయి. వెయ్యి సంకేతాలున్నా మూడు కిలోబైట్లే. ఫోను కెమెరా ఫొటో మూడు మెగాబైట్లుందంటే దానికి వెయ్యి రెట్లు! సిగ్నల్ సరిగా అందని ఊళ్లో అది తెరుచుకోదు. పైగా అక్షరాలైతే ఫోను బయటికి చదివి వినిపించగలదు, చదువురాని తల్లికి ఆ గొంతే ఆధారం. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లే కుటుంబాలు పిల్లల్ని అవ్వాతాతల దగ్గరో, సీజనల్ హాస్టళ్లలోనో వదిలి వెళ్తాయి. చేను గట్టు మీద కూర్చుని కూతురికి పరీక్ష ఎప్పుడో తెలుసుకోగలగడం అలా వలస వెళ్లిన తండ్రికి చిన్న విషయం కాదు. తరగతి పేజీ అవసరం కార్పొరేట్ బడి కంటే ఇలాంటి ఊరి బడికే ఎక్కువ.

పేజీలో ఏం పెట్టకూడదో కూడా అదే రోజు చెప్పాలి. మార్కుల జాబితాలు, ఫోను నంబర్లు వద్దు. పిల్లల ఫొటోల జోలికి అసలే వెళ్లొద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది.

ఇందుకు కొత్త పథకం, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు చుట్టుపక్కల బడుల టీచర్లు ఎలాగూ వస్తారు. విద్యాశాఖ అందులో ఒక మధ్యాహ్నం దీనికి ఇస్తే చాలు. కంప్యూటర్ బాగా తెలిసిన తోటి టీచరే నేర్పాలి, ఎందుకంటే రేపు సందేహం వస్తే అడగడానికి మొహమాటం ఉండదు. గూగుల్ సైట్స్‌లో మార్పులు చేశాక పబ్లిష్ నొక్కకపోతే తల్లిదండ్రులకు పోయిన వారం ఇంటిపనే కనిపిస్తుంది. ఇలాంటివి పవర్‌పాయింట్ ఉపన్యాసం విని తెలుసుకునేవి కావు, ఒకసారి పొరపాటు చేసి పక్కనున్నవారిని అడిగి తెలుసుకునేవి.

పేజీని టీచరు సొంత ఖాతాలో కాకుండా బడి పేరున తెరిచిన ఖాతాలో పెట్టడం మేలు. గూగుల్ తన పాత సైట్స్‌ను మూసేసింది గనుక సమాచారం నకలు ఒకటి బడి కంప్యూటర్‌లోనూ ఉండాలి. బదిలీ అయిన టీచరు బీరువా తాళాలు, రిజిస్టర్లు అప్పగించే రోజునే ఆ ఖాతా వివరాలూ కొత్తగా వచ్చినవారికి అప్పగించాలి.