సేవ చేసేది మనమే, పైసలు కట్టేది మనమేనా?

మొన్న మా అక్క కొడుకు ఫోన్ చేసిండు. డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నడు. "మామా, ఆఫ్రికల ఆరు వారాలు బడి పిల్లలకు పాఠాలు చెప్పొచ్చంట. లక్షా ఎనభై వేలు కట్టాలంట. టీచర్ పని నాకు పడ్తదో లేదో తెలుస్తది, సర్టిఫికెట్ గూడ వస్తది" అన్నడు. ఎనుక మా బావ గొంతు వినబడుతున్నది. బర్రెలు అమ్ముదామా, చిట్టీ ఎత్తుదామా అని లెక్కలేస్తున్నడు.

నేను ఒక్కటే అడిగిన: "సేవ చేసేది నువ్వు. పైసలు కట్టేది గూడ నువ్వేనా?"

పిలగాని కోరిక తప్పని నేననను. మన ఊర్లల్ల పిల్లలకు కనబడే కొలువులు మూడే: పోలీసు, టీచరు, సాఫ్ట్‌వేరు. మిగతా పనులు ఎట్లుంటయో చూసే తొవ్వ లేదు. ఇరవై ఏండ్ల వయసుల కొత్త జాగల కొన్ని నెలలు పని చేస్తే, మనకేది నచ్చుతదో తెలుస్తది. నచ్చలేదని తెలిసినా లాభమే. బీఈడీకి రెండేండ్లు పెట్టినంక తెలుసుకునుడు కంటే ముందుగాల్నే తెలుసుడు మంచిది.

జర్మనీ ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నది. 2008ల అక్కడి సర్కారు 'వెల్ట్‌వేర్ట్స్' అనే పథకం మొదలువెట్టింది. 18 నుంచి 28 ఏండ్ల జర్మనీ పిల్లలు ఇండియా అసొంటి దేశాలకు వచ్చి స్వచ్ఛంద సంస్థలల్ల పని చేస్తరు. ఖర్చుల పెద్ద భాగం సర్కారుదే. తర్వాత మన అసొంటి దేశాల పిల్లలు అటు పోయే తొవ్వ గూడ అదే పథకంల తెరిచిన్రు. పోయినోళ్లు చిన్న పిల్లల బడులల్ల, వృద్ధాశ్రమాలల్ల, దివ్యాంగుల కేంద్రాలల్ల పని చేస్తరు. జీతం ఉండది గని చేతిఖర్చు, ఉండే జాగ, ఇన్సూరెన్సు ఉంటయి. ఇక్కడ వాళ్లతో కలిసి పనిచేసే సంస్థ ద్వారా పోవాలె, కొంత జర్మన్ భాష నేర్వాలె.

ఇంకో తొవ్వ ఐక్యరాజ్యసమితి వాలంటీర్లు. 1971 నుంచి నడుస్తున్నది. 18 నుంచి 26 ఏండ్లోళ్లకు యూత్ వాలంటీర్ అని వేరే విభాగమే ఉన్నది. బతుకుడు ఖర్చులకు నెలనెలా భత్యం ఇస్తరు. దరఖాస్తుకు రూపాయి కట్టే పని లేదు. జాగలు తక్కువ, పోటీ ఎక్కువ, అది నిజమే. గని ఇంట్ల కూసొని ఆన్‌లైన్‌ల చేసే వాలంటీర్ పని గూడ వాళ్ల దగ్గర ఉన్నది. అనువాదం, డిజైన్, రాత పని అసొంటివి. పాస్‌పోర్టు లేకున్నా నడుస్తది.

మరి లక్షా ఎనభై వేల ప్యాకేజీ సంగతేంది? పైసలు కట్టెటోడు వాలంటీర్ కాదు, గిరాకీ. గిరాకీ ఉన్నకాడ సరుకు పుడ్తది. కంబోడియా, నేపాల్‌ల అనాథాశ్రమాలల్ల జరిగింది గదే. విదేశీ వాలంటీర్లు, చందాలు వస్తయని, తల్లో తండ్రో బతికున్న పిల్లలనే తెచ్చి అనాథలని చూపించిన్రు. యూనిసెఫ్ ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పింది. ఆస్ట్రేలియా 2018ల ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చేటప్పుడు ఈ అనాథాశ్రమాల దందా మీద పెద్ద చర్చే జరిగింది. ఆ పిల్లలు ఎవరి పిల్లలు? మన అసొంటి పేదోళ్ల పిల్లలే. మన జిల్లా పరిషత్ బడికి ఆరు వారాలకో కొత్త సారు వస్తే, ఆ సారుకు మన భాషనే రాకపోతే, మనం ఊకుంటమా? మన పిల్లలకు పనికిరానిది ఆఫ్రికా పిల్లలకెట్ల పనికొస్తది?

ఇంకో ముచ్చట వీసా. చానా దేశాలల్ల టూరిస్టు వీసా మీద పోయి వాలంటీర్ పని చేసుడు గూడ నేరమే. "టూరిస్టు వీసా చాలు, నేను చూసుకుంట" అని ఏజెంటు అన్నడంటే అక్కడనే ఆగుండ్రి. కంబోడియాల డేటా ఎంట్రీ కొలువులని నమ్మి పోయి సైబర్ మోసాల అడ్డాలల్ల ఇరుక్కున్న మన తెలుగు పిల్లల గోస 2024ల అందరం చూసినం.

అందుకే పోయేముందు నాలుగు అడుగుండ్రి. ఖర్చు ఎవలది? వీసా ఏ రకం? రోజూ ఏం పని, నేర్పెటోళ్లు ఎవరు? ఇంతకుముందు పోయొచ్చినోళ్లతోని మాట్లాడిపిస్తరా? ఒక్కదానికి నీళ్లు నమిలినా వద్దని చెప్పుండ్రి.

సర్కారుకు గూడ ఒక మాట. విదేశీ చదువుకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉన్నది. విదేశీ కొలువులకు టామ్‌కామ్ ఉన్నది. ఏ పని చెయ్యాల్నో తేల్చుకునే ఏడాదికి ఏమున్నది? జర్మనీ రైతు బిడ్డకు దొరికే ఆ ఏడాది మన కూలి బిడ్డకెందుకు దొరకొద్దు? అడగాల్సింది మనమే.

మా అల్లునికి ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న. ఇప్పుడు ఊరి బడిల సాయంత్రం పూట ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తున్నడు. మొదటి వారమే ఫోన్ చేసి, "మామా, పిల్లలను ఊకుంచుడే కష్టమున్నది, గని మంచిగనే అనిపిస్తున్నది" అన్నడు. ఆన్‌లైన్ వాలంటీర్ పనికి గూడ పేరు రాయించుకున్నడు. బర్రెలు కొట్టంలనే ఉన్నయి.