ఎవరి కళ్ళద్దాల నంబరు వాళ్ళదే

మన బడిలో కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒకరి నంబరు ఇంకొకరికి పనికిరాదు. "అందరికీ ఒకే నంబరు అద్దాలు ఇచ్చేద్దాం, గొడవ ఉండదు" అని ఏ సారూ అనరు. అంటే అమ్మానాన్నలు ఊరుకోరు కూడా. మరి చూపు లేని విద్యార్థి వాడే కంప్యూటర్‌కి మాత్రం ఒకే గొంతు, ఒకే వేగం చాలు అని ఎలా అంటారు?

నాకు చూపు లేదు. పదో తరగతి చదువుతున్నాను. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడరే నాకు పుస్తకం, పలక. దాని గొంతును నాకు కావలసినట్టు మార్చుకోనివ్వాలి. ఇదే నా వాదన.

మా ల్యాబ్‌లో ఉన్న స్క్రీన్ రీడర్ పేరు ఎన్‌వీడీఏ. దాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే ఆయన మొదలుపెట్టారు. తర్వాత జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరికీ చూపు లేదు. వాళ్ళు దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చారు. అందులో ఈస్పీక్ అనే గొంతు కూడా కలిసే వస్తుంది. అది తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ చదువుతుంది. హోసూరు వైపు తెలుగు బడిలో చదివే మాకు కావలసినవి సరిగ్గా ఈ మూడు భాషలే. అంటే పైసా ఖర్చు లేకుండా అన్నీ మా ల్యాబ్‌లోనే ఉన్నాయి.

కానీ ఏం లాభం? గొంతును ఇంగ్లీషులో పెట్టి, వేగం బాగా తగ్గించి, ఎవరూ మార్చకుండా కట్టడి చేశారు. నేను మార్చుకున్నా, మిషన్ ఆపి మళ్ళీ వేస్తే పాతదే వస్తుంది. ఆ ఇంగ్లీషు గొంతుకు తెలుగు అక్షరం తెలియదు. సాంఘిక శాస్త్రం పాఠం తెరిస్తే 1857, 1885, 1947 అని అంకెలు మాత్రం వినిపిస్తాయి. మధ్యలో తెలుగంతా మౌనం. ఆ సంవత్సరాల్లో ఏం జరిగిందో మీకు తెలుస్తుంది, నాకు తెలియదు. దీన్ని చదువు అంటారా?

మార్చడం ఏమన్నా కష్టమా అంటే కాదు. ఇన్సర్ట్, కంట్రోల్ మీటలు పట్టుకుని వి నొక్కితే మాటకు సంబంధించిన సెట్టింగులు తెరుచుకుంటాయి. గొంతు, వేగం, శబ్దం, విరామ చిహ్నాలు అన్నీ అక్కడే ఉంటాయి. ఒక్క నిమిషం పని. అయితే ఒకసారి పెట్టేసి వదిలేసేది కాదు ఇది. చదివిన పాఠాన్నే మళ్ళీ తిరగేసేటప్పుడు నాకు వేగం ఎక్కువ కావాలి. తెలుగు వ్యాసం రాసేటప్పుడు తక్కువ కావాలి. వేగంగా వింటే శ ఏదో ష ఏదో, ఒత్తు ఉందో లేదో చెవికి అందదు. అప్పుడు బాణం మీటతో ఒక్కో అక్షరం వింటూ పోవాలి. కామా, ఫుల్‌స్టాప్ కూడా చదవమని చెప్పాలి. మామూలుగా చదివేటప్పుడు అవే అడ్డం.

దీనికి కొందరు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు.

"శబ్దం వల్ల మిగతా పిల్లలకు ఇబ్బంది" అంటారు. నిజమే, అందుకే హెడ్‌ఫోన్ అడుగుతున్నాను. తీగ ఉన్నది చాలు. బ్లూటూత్‌లో మాట ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి మొదటి అక్షరం తెగిపోతుంది. ఒక చెవికే పెట్టుకుంటే రెండో చెవితో మేడమ్ చెప్పేదీ వినొచ్చు. అంతేగానీ శబ్దం పూర్తిగా తీసేయడం పరిష్కారం కాదు. నా కంప్యూటర్ శబ్దం తీసేయడమంటే మీ తెర ఆర్పేయడమే.

"అంత వేగంగా వింటే ఏం అర్థమవుతుంది?" అంటారు. వినేది నేను. పాఠంలో ప్రశ్న అడిగి చూడండి, అర్థమైందో లేదో తెలిసిపోతుంది.

"ఆ తెలుగు గొంతు మరమనిషిలా ఉంటుంది, ఇంగ్లీషే నయం" అంటారు. ఒప్పుకుంటాను, అది మా అమ్మమ్మ కథ చెప్పినట్టు ఉండదు. కానీ అసలు తెలుగు చదవని తియ్యటి గొంతు కంటే, తెలుగు చదివే గరుకు గొంతు వెయ్యి రెట్లు మేలు కదా!

"పెన్‌డ్రైవ్ తెస్తే వైరస్ వస్తుంది" అనేది ఇంకొకటి. ఎన్‌వీడీఏని మన సెట్టింగులతో సహా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఏ విండోస్ కంప్యూటర్‌లోనైనా వాడుకోవచ్చు. అది వద్దంటే ల్యాబ్‌లోని ఒక కంప్యూటర్‌లో నా పేరుతో ఒక ఖాతా తెరవండి. నా సెట్టింగులు అందులోనే ఉంటాయి, మిగతావాళ్ళవి చెదరవు. రెండూ వద్దంటే మాత్రం అది వైరస్ భయం కాదు, నిర్లక్ష్యం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్, చూపు లేని పిల్లలకు వాళ్ళకు తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలంటోంది. ఇక భాష సంగతి. తమిళనాడులో తెలుగు బడి ఉందంటే, మన పిల్లలు మన భాషలో చదవాలని పెద్దలు పట్టుబట్టి నిలబెట్టుకున్నారు కాబట్టే. రాజ్యాంగం 30వ అధికరణ భాషా మైనారిటీలకు బడులు పెట్టుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు గురించి సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. అదే బడిలో తెలుగు పాఠం ఇంగ్లీషు గొంతు దగ్గర మూగబోతుంటే పట్టించుకోమా?

నేను అడిగేవి నాలుగే. ల్యాబ్‌లో తెలుగు, తమిళ గొంతులు ఎంచుకునే వీలు ఉండాలి. నా సెట్టింగులు చెరిగిపోకుండా ఒక ఖాతా ఇవ్వాలి. ఒక హెడ్‌ఫోన్ అక్కడే ఉండాలి. నన్ను అడగకుండా ఎవరూ శబ్దం తీసేయకూడదు. ఇది నా ఒక్కరి కోసం కాదు. రేపు నా తర్వాత ఆరో తరగతిలో చేరే చూపు లేని చెల్లో తమ్ముడో మళ్ళీ మొదటి నుంచి అడుక్కోకూడదు.

ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా! మేము దయ అడగడం లేదు. గొంతు మార్చుకునే మీటలు మా వేళ్ళ కిందే ఉన్నాయి. వాటికి వేసిన తాళం తీయండి, చాలు.