పంతులమ్మ బయోడేటాలో మొగుడి పేరెందుకు?

మొన్న మామిడిపళ్ళ రోజుల్లో మా అవుకు వెళ్ళాను. వెళ్ళిన మర్నాడే ఎదురింటి అమ్మాయి ఒక కాగితం పట్టుకుని వచ్చింది. నంద్యాలలో ఏదో ప్రయివేటు బడిలో టీచరు ఉద్యోగం ఉందిట, బయోడేటా ఇవ్వాలిట.

"అత్తా, నువ్వు నవలలు రాస్తావు గదా, ఇది రోంత చూసి దిద్దియ్యి" అంది.

నవలలు రాసేవాళ్ళకి బయోడేటాలు దిద్దడం వచ్చునని ఎవరు చెప్పారో గానీ, కళ్ళజోడు పెట్టుకుని చదివాను. చదివేకొద్దీ ఒళ్ళు మండిపోయింది.

పైన పేరు. పేరు కింద తండ్రి పేరు. దాని కింద భర్త పేరు, భర్త చేసే పని. ఆ తర్వాత కులం, ఒంటి రంగు, ఎత్తు! ఎత్తెందుకమ్మా, బోర్డు అందుతుందో లేదో చూస్తారా? 'హాబీలు: పాటలు వినడం, వంట'. 'గుణాలు: నిజాయితీ, ఓర్పు, సర్దుకుపోవడం'. అన్నిటికన్నా అడుగున 'అనుభవం' అన్నచోట ఒకే ఒక్క మాట: లేదు.

ఇది ఎవరు రాశారే అంటే, బస్టాండు దగ్గర డీటీపీ షాపు అబ్బాయిట. అతని కంప్యూటరులో పెళ్ళి సంబంధాల బయోడేటా ఒకటి ఉంటుంది. అందులో గోత్రం, నక్షత్రం తీసేసి, చివర 'పై వివరములన్నియు వాస్తవములని ప్రమాణపూర్వకముగా...' అన్న ముక్క తగిలిస్తే అదే ఉద్యోగానికీ సరిపోతుంది! అతన్ని అనడానికేముంది? యాభయ్యో వందో తీసుకుని తనకు తెలిసింది కొట్టిచ్చాడు. అది చదివి కూడా ఏమీ అనిపించకుండా సంతకం పెట్టిన మన సంగతేమిటి? నేను మాత్రం తక్కువ తిన్నానా? ఇరవై రెండేళ్ళప్పుడు నా మొదటి దరఖాస్తులో మా నాన్న హోదా రెండు లైన్లు రాశాను, నా బి.ఏ. సంగతి అర లైను.

సరే, ఆ 'లేదు' దగ్గరికి వద్దాం. నా కోపమంతా అక్కడే.

ఈ పిల్ల బి.ఏ., బి.ఇడి. టెట్ కూడా గట్టెక్కింది. తొమ్మిదేళ్ళుగా సాయంత్రం అయిదయ్యేసరికి వాళ్ళ వసారాలో నాపరాళ్ళ మీద పాతికమంది పిల్లలు బాసిపట్లు వేసుకుని కూర్చుంటారు. సగంమంది నాపరాయి గనుల్లో కూలికి వెళ్ళేవాళ్ళ పిల్లలే. ఆరో తరగతికి వచ్చినా అక్షరాలు కూడబలుక్కోలేని వాళ్ళని రెండు మూడు నెలల్లో వాచకం చదివిస్తుంది. ఒకసారి వాళ్ళందర్నీ బస్సెక్కించి బెలూం గుహలకి తీసుకుపోయి, అక్కడి 3,229 మీటర్ల గుహని నీళ్ళు సున్నపురాతిని కరిగించి ఎలా తొలిచాయో చూపించి, 'మీ నాయన కోసే రాయి కూడా దీని చుట్టమేరా' అని చెప్పిందిట. డబ్బివ్వగలిగిన వాళ్ళు ఇస్తారు, లేనివాళ్ళు ఇన్ని మామిడికాయలు తెచ్చిస్తారు.

"మరి అనుభవం లేదని రాశావేమే?" అన్నాను.

"అది ట్యూషనే గదత్తా. ఉద్యోగమేం గాదు గదా!"

చూశారా! మగవాడు నాలుగు నెలలు ఎవరి దగ్గరో లెక్కలు రాస్తే 'అనుభవం'. మనం తొమ్మిదేళ్ళు పిల్లలకి చదువు చెబితే 'ఇంట్లో ఊరికే ఉంటుంది'. ఆ మాట ఊళ్ళోవాళ్ళు అంటే పోనీలే అనుకోవచ్చు. మన కాగితంలో మనమే రాసుకోవడమా?

ప్రభుత్వ ఉద్యోగమైతే ఈ బాధ లేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు. పరీక్ష మార్కులకి 80 శాతం, టెట్ మార్కులకి 20 శాతం. సర్దుకుపోయే గుణానికి అందులో మార్కుల్లేవు. ఈ పిల్లకి కొద్దిలో తప్పిపోయింది. ఇక మిగిలింది ప్రయివేటు బడి. అక్కడ మనకంటే ముందు మాట్లాడేది ఈ కాగితమే.

వాళ్ళత్తగారికి నా వాదన నచ్చలేదు. "వాళ్ళిచ్చే జీతానికి ఇంత రాతకోతలేంటికమ్మా? క్లాసు చెప్పించి చూస్తారు, ఇంగ్లీషు వస్తే తీసుకుంటారు, లేకుంటే లేదు. మొగుని పేరుంటే మర్యాద" అంది. ఆవిడ చెప్పినదాంట్లో మొదటి సగం నిజమే. క్లాసు బాగా చెప్పకపోతే ఏ కాగితమూ గట్టెక్కించదు. కానీ జీతం మాటొచ్చేసరికి మేనేజరు తిరగేసేది ఈ కాగితాన్నే. 'అనుభవం లేదు' అని మనమే రాసిచ్చాక కొత్తవాళ్ళ జీతం కాక మరేమిస్తాడు? 'సర్దుకుపోవడం' అని రాశాక, ఏడాదికి పదినెలల జీతమే ఇచ్చినా, ఆ జీతమూ ఆలస్యం చేసినా, పొద్దున్నే బస్సు డ్యూటీ వేసినా అడిగే నోరెక్కడిది?

అత్తాకోడళ్ళిద్దర్నీ కూచోబెట్టి కొత్త కాగితం తీశాను. ఏ తరగతులు? నాలుగు నుంచి ఎనిమిది. ఏ సబ్జెక్టులు? తెలుగు, సోషలు. ఎప్పటినుంచి? ఎంతమంది? చదవలేని పిల్లకి మొదటి వారం ఏం చేస్తావు? ఈ ప్రశ్నకి ఆ పిల్ల పావుగంట చెప్పింది. ఆ పావుగంటనీ మూడు లైన్లు చేసి, పేరు కిందనే పెట్టాను. బెలూం గుహలు ఒక లైను. టెట్ మార్కులు ఒక లైను. మొగుడూ ఎత్తూ రంగూ వంటా ఎగిరిపోయాయి. మొత్తం ఒక పేజీ. చేయని పని ఒక్కటీ రాయలేదు సుమా! క్లాసులో నిలబడ్డాక అబద్ధం నిమిషం కూడా నిలవదు.

ఇదివరకు బళ్ళో పనిచేసినవాళ్ళు తేదీలు నెలలతో సహా రాయండి. ఎందుకంటారా? టీచర్లు గ్రాట్యుటీ చట్టం కిందికి రారని 2004లో సుప్రీంకోర్టు అంది. 2009లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ నుంచే వర్తించేలా చేసింది. ప్రయివేటు బళ్ళవాళ్ళు కోర్టుకెక్కితే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ సరైనదేనంది. దానికి అయిదేళ్ళ ఎడతెగని సర్వీసు చూపించాలి. ఏప్రిల్లో మానిపించి జూన్లో మళ్ళీ తీసుకునే బళ్ళు ఎందుకలా చేస్తాయో ఇప్పుడు అర్థమైందా? అంచేత నియామకం ఆర్డరు అడిగి తీసుకోవాలి. ఏ నెలలో చేరాం, ఏ నెలలో మానాం అన్నది మన దగ్గర రాసి ఉండాలి.

ఇంకొకటి, ఒరిజినల్ సర్టిఫికెట్లు. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ చేత్తోనే వెనక్కి తెచ్చుకోండి. విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని 2018లో యూజీసీయే చెప్పింది. పిల్లలకి చెల్లే న్యాయం పంతులమ్మకి చెల్లదా? నేను రెండేళ్ళు పనిచేసి మానేసిన బడిలో (పేరెందుకులెండి) నా డిగ్రీ పట్టా కోసం నాలుగు నెలలు తిరిగాను. ఈలోగా వచ్చిన మరో ఉద్యోగం కాస్తా చెయ్యిజారింది.

ఆ పిల్ల బనగానపల్లె మీదుగా నంద్యాల వెళ్ళి, క్లాసు చెప్పి వచ్చింది. మేనేజరు మొదట అడిగిన ప్రశ్న, "మీ ఆయన ఏం చేస్తారు?" అనేట.

"నువ్వేమన్నావే?"

"చెప్పినా అత్తా, రాళ్ళ ఫ్యాక్టరీలో పని అని. చెప్పి, మా పిల్లోళ్ళ నోటుబుక్కు ఒగటి తీసకపోయింటి, ఆయప్ప ముందర పెట్టినా. జూన్లో వాడు రాసిన పేజీ, డిసెంబర్లో రాసిన పేజీ."

తను అడిగిన జీతానికి ఆయన వెయ్యి తగ్గించాడుట. ఈ పిల్ల పన్నెండు నెలలకీ కావాలంది, ఆర్డరు రాసివ్వమంది. చూసి చెబుతాం అన్నారు. ఆర్డరు ఇంకా రాలేదు. ఒరిజినల్స్ మాత్రం వాళ్ళ బీరువాలోనే భద్రంగా ఉన్నాయి, సాయంత్రం అయిదింటికి వసారా నిండుతూనే ఉంది.