ఐరోపాకు పోవు బిస్కత్తు మన కళ్ళమునుండియే మొదలు

యారాడ కొండ మలుపున నిలిచి సముద్రమువైపు చూచినచో, విశాఖ రేవులోనికి పిలుపు రాక లంగరు వేసికొనియున్న ఓడలు కనబడును. వానిని చూచినప్పుడెల్ల మనవారిలో కొందరికి ఒక ఆలోచన తట్టుచున్నది. "మన చోళ్ళపిండి, అనకాపల్లి బెల్లము, నువ్వులు కలిపి బిస్కత్తులు కాల్చి, పొట్లములు కట్టి, ఐరోపా దేశములకు పంపిన నేమి?" అని. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపిన నాటినుండి ఈ మాట మరింత హెచ్చినది. సంఘముల పేరిట అప్పుతెచ్చి కాల్పు పొయ్యిలు కొనవలెనను వారు కూడ కలరు.

ఆలోచన చెడ్డది కాదు. అరకు లోయలోని గిరిజన రైతులు పండించిన కాఫీకి 2017లో పారిస్ నగరమున అరకు పేరుతోనే అంగడి వెలసినది. మన కొండల పంట అచ్చటి అల్మారాలో నిలువగలదనుటకు వేరే ఋజువు అక్కరలేదు. అయితే కాఫీ పొట్లములో ఉన్నది ఒక్క గింజయే. బిస్కత్తులో పిండి, తీపి, కొవ్వు, పైన చల్లిన నువ్వులు, ఇట్లు నాలుగు చోట్లనుండి వచ్చిన సరకులు కలియును. అందులో ఒకదానికి దోషమున్నను పొట్లమంతయు దోషమే. అందుచేత పొయ్యి కొనుటకు ముందు, ఆ పొయ్యిలోనికి పోవలసిన గింజ సంగతి చూచుకొనుడని నా సలహా.

ఊరక చెప్పుట లేదు. 2020 సెప్టెంబరులో, మన దేశమునుండి వచ్చిన నువ్వులలో ఇథిలీన్ ఆక్సైడు అను వాయువు అవశేషములున్నవని బెల్జియము అధికారులు తక్కిన దేశములకు తెలియజేసిరి. ఆహారపదార్థములకు ఈ వాయువు పట్టించుట ఐరోపాలో 1991 నుండి నిషిద్ధము. నువ్వులలో దాని అవశేషము కిలోకు 0.05 మిల్లీగ్రాముకు మించరాదు. తరువాత జరిగినది చూడుడు. ఆ నువ్వులు చల్లిన రొట్టెలు, బిస్కత్తులు, కరకరలాడు చిరుతిండ్లు వేల రకములు అనేక దేశములలో అంగళ్ళనుండి వెనుకకు తీసికొనబడినవి. అక్టోబరులోనే మన నువ్వుల సరకులలో సగము దిగుమతి వేళ పరీక్షింపవలెననియు, ప్రతి సరకు వెంట ప్రభుత్వ ధ్రువపత్రము రావలెననియు ఐరోపా సమాఖ్య ఉత్తరువు చేసెను.

"ఆ వాయువు మేము కొట్టిన మందు కాదు గదా" అని మీరందురు. నిజమే. అది పంట చేలో వాడు మందు కాదు. గింజలోని సూక్ష్మజీవులను చంపుటకు తరువాత పట్టించునది. కాని దాని అవసరము ఎందుకు కలిగినదో ఆలోచింపుడు. నువ్వులకు సాల్మొనెల్లా అను విషక్రిమి అంటుట ఎక్కువ. మనము కట్టలు నిలిపి ఎండబెట్టు చోటను కోళ్ళు తిరుగును, కాకులు వ్రాలును, మేకలు త్రొక్కును. పేడతో అలికిన నేలమీదనే కట్టలు దులుపుదుము. నువ్వుగింజ చిన్నది, నూనెగలది. మట్టియు మలినమును దానిని అంటిన వదలవు. ఆ మలినమును కడుగలేక, ఆవిరితో శుభ్రపరచు యంత్రములకు డబ్బు పెట్టలేక, నడుమ ఎవరో వాయువును ఆశ్రయింతురు. కళ్ళములో ఒక టార్పాలిను పరచి, చుట్టు కంచె కట్టి, పశువును దూరముగా ఉంచిన రైతు ఆ గొలుసులో మొదటి ముడి విప్పినవాడగును. ఇందుకగు ఖర్చు పొయ్యి ఖర్చులో ఎన్నవ వంతో మీరే లెక్క వేసికొనుడు.

ఇక బెల్లము. తెల్లగా నిగనిగలాడు అచ్చునకు మంచి ధర వచ్చునని పాకములో హైడ్రోసు వేయువారు కలరు. అది గంధకపు మందు. ఐరోపాలో సల్ఫైటు కిలోకు 10 మిల్లీగ్రాములు మించినచో, పడనివారికి హెచ్చరికగా పొట్లముమీద స్పష్టముగా అచ్చు వేయవలెను. హైడ్రోసు వేయని నల్లబెల్లమే అక్కడ మేలు. ఇంకొక చిక్కు కూడ ఉన్నది. బెల్లములో గ్లూకోజు, ఫ్రక్టోజు ఉండును. 120 డిగ్రీల సెంటీగ్రేడు మించిన వేడిలో అవి పిండిలోని ఆస్పరాజిన్ అను పదార్థముతో కలసి అక్రిలమైడు పుట్టించును. బిస్కత్తులలో ఇది కిలోకు 350 మైక్రోగ్రాములు దాటినచో తయారుచేయువారు తమ పద్ధతిని సరిదిద్దుకొనవలెనని 2018 ఏప్రిలునుండి అచ్చటి నిబంధన. బాగుగా ఎర్రనైన బిస్కత్తు మనకు ఎంత రుచియైనను, అక్కడికి లేత రంగున దింపవలసినదే. నరికిన చెరకును రెండు మూడు దినములు గట్టున పడవేసి ఆడినచో ఈ చక్కెరలు ఇంకను పెరుగును. కనుక అక్రిలమైడు సంగతి కూడ కొంతవరకు మీ చెరకు బండి ఎప్పుడు కదలినదను దానిమీదనే ఆధారపడినది!

నేయి వేసి చేసిన బిస్కత్తు ఘుమఘుమలాడును గాని, అందలి పాలు, వెన్న, గ్రుడ్డు వంటివి ఐరోపా సమాఖ్య అనుమతి పొందిన కర్మాగారమునుండియే రావలెను. మన ఊరి పాడి నేయి అందులకు చెల్లదు. నూనెతో చేయుట సుళువు.

చోళ్ళలో గ్లూటెను లేదు. అది పడనివారు ఐరోపాలో దానిని వెదకి కొందురు. కాని గోధుమలు ఆడిన మరలోనే చోళ్ళు ఆడించినచో ఆ మేలు పోయినట్లే. కిలోకు 20 మిల్లీగ్రాములు మించి గ్లూటెనున్న సరకును "గ్లూటెను లేనిది" అని వ్రాయరాదు. చోళ్ళకు వేరే మర, వేరే జల్లెడ, వేరే గోనెలు ఉండవలెను.

పొట్లము సంగతి యారాడవారికి నేను చెప్పనక్కరలేదు. వానకాలపు సాయంకాలము జంతికల డబ్బాకు మూత పెట్టుట మరచినచో ఉదయమునకు అవి ఎట్లు మెత్తబడునో మీ ఇంట అందరికి తెలియును. వారముల తరబడి ఓడలో పోవు బిస్కత్తుకు అంతకు మించిన పరీక్ష.

ఈ నిబంధనలన్నియు మన సరకును ఆపుటకు పన్నిన ఎత్తులని కొందరు వాదింతురు. ఆ దేశములలో బిస్కత్తు కాల్చువారికి కూడ అవే నిబంధనలు. అయితే వారి వాదములో ఒక నిజమున్నది. పరీక్ష ఖర్చు వంద టన్నుల వర్తకునికి లెక్కలోనిది కాదు. ఎకరము నువ్వుల రైతుకు అది నడ్డి విరుచును. ఈ చోట శాఖవారిని కూడ ఒక మాట అడుగవలసియున్నది. అధిక దిగుబడి చూపుటకు ప్రదర్శన క్షేత్రములు ఎన్నియో వేసినాము. శుభ్రమైన కళ్ళము ఎట్లుండునో చూపు ప్రదర్శన కళ్ళము మండలమునకు ఒకటి ఎందుకు వేయరాదు? సంఘపు సరకుకు ఒక్క పరీక్ష ఖర్చు ప్రభుత్వము భరించినచో, పొయ్యిలకు ఇచ్చు రాయితీకంటె అది ఎక్కువ పని చేయునని నా నమ్మకము.

ఈలోగా మీరు చేయదగిన పని ఒకటి కలదు. ఒకే రకము వేసిన ఇరుగుపొరుగు రైతులు కలసి, తమ నువ్వులనుగాని చోళ్ళనుగాని ఇతరుల సరకుతో కలియకుండ నిలువచేయుడు. విత్తిన తేది, కొట్టిన మందు, కొట్టిన దినము, కోసిన దినము, ఎండబెట్టిన చోటు ఒక పుస్తకములో వ్రాయుడు. ఆ సరకునుండి కిలో గింజ తీసి, సీసాలో పోసి, మూతపై లక్క వేసి, తేది వ్రాసి సంఘపు పెట్టెలో దాచుడు. ముందు విశాఖపట్టణములోని బిస్కత్తు తయారీదారుల వద్దకు ఆ పుస్తకమును, ఆ సీసాను పట్టుకొని పొండు. పుస్తకములేని గింజకు, పుస్తకమున్న గింజకు వారు ఏమేమి ధర చెప్పుదురో అడిగి చూడుడు.