అలికిన గోడకు సిగ్గెందుకు?



ఆరో తరగతిలో డ్రాయింగ్ పీరియడ్‌లో "మా ఇల్లు" బొమ్మ గీయమంటే నేను స్లాబు ఇల్లు గీసిన. మా ఇల్లు మట్టిది. సిగ్గుపడి అబద్ధం గీసిన. ఆ సంగతి ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న దసరా సెలవుల్లో జన్వాడలో ఒక పెద్ద ఇల్లు చూసిన.

మా అమ్మానాయిన అక్కడ కూలి పని చేస్తున్నరు. ఆ ఇంటి హాలులో ఒక గోడకు మాత్రం రంగు వేయకుండ మట్టి పూత పూయిస్తున్నరు. ఎర్రమట్టి జల్లెడ పట్టి, పేడ, సన్నగ తరిగిన వరిగడ్డి కలిపి, నాలుగు దినాలు నానబెట్టి తొక్కిన్రు. మట్టి ఎండినప్పుడు పగలకుండ గడ్డి పట్టి ఉంచుతది. పూత పూసింది మా అమ్మ. చెయ్యి తిప్పిన గుర్తులు కనపడాలని అక్కడి సారు చెప్పిండు. మా గూడెంల పండుగకు ముందు అమ్మ అలికేది కూడ అట్లనే. అక్కడ దాన్ని డిజైన్ అంటున్నరు. అమ్మకు మాత్రం ఇటుకలు మోసినవాళ్ళకు ఇచ్చినంతనే కూలి ఇచ్చిన్రు.

ఇది పనికిరాని పాత పని కాదు. 1591లో కట్టిన చార్మినార్ మీది పూల నగిషీలు డంగుసున్నంతో చేసినవే. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులకు 2013లో మరమ్మతు మొదలుపెట్టినప్పుడు, నడుమ ఎవరో పూసిన సిమెంటు తీసేసి మళ్ళీ సున్నమే పూసిన్రు. సున్నం గోడలోని తడిని బయటికి పోనిస్తది, సిమెంటు లోపలే ఆపుతది.

మన ఆదివాసుల గోడలు కూడ చిన్నవి కావు. శ్రీకాకుళం వైపు సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో, వెదురుపుల్లతో దేవుళ్ళ కోసం బొమ్మలు వేస్తరు. మహారాష్ట్రలో వార్లీ ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకు గోడల మీద వేసే బొమ్మలను జివ్యా సోమా మాషే కాగితం మీదికి తెచ్చిండు. ఆయనకు 2011లో పద్మశ్రీ ఇచ్చిన్రు. మధ్యప్రదేశ్ గోండు భజ్జూ శ్యామ్ భోపాల్‌లో రాత్రి కాపలా పని చేసినవాడు. లండన్ పోయి ఒక హోటల్ గోడలకు బొమ్మలు వేసిండు. 2018లో ఆయనకు కూడ పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ పేర్లు లోకానికి తెలిసినయి. జన్వాడ గోడ మీద మా అమ్మ పేరు లేదు.

ఈ మాట అమ్మతో అంటే నవ్వింది. "ఏటేటా అలికేది నువ్వా, నేనా? వానకు గోడ కూలితే తెలుస్తది బిడ్డా. నాకు స్లాబు ఇల్లే కావాలె" అన్నది. అది నిజమే. మనం మట్టి ఇండ్లలోనే ఉండాలని నేను అనను. అందరికీ పక్కా ఇల్లు రావాలె. కాని అలుకుడు, జాజు పూసుడు, ముగ్గు వేసుడు కూడ విద్యనే అని ఒప్పుకోవాలె. మిస్త్రీకి ఇచ్చినట్లే ఆ చేతికీ కూలి ఇవ్వాలె.

మేడమ్ గారూ, ఈ పత్రిక అంటించిన గోడకు పెయింటు పెచ్చులు లేచినయి. మళ్ళీ అదే పెయింటు వేసే ముందు మాకు ఈ ఒక్క గోడ ఇవ్వండి. పాత రంగు గీకి, సున్నం వేసి, కింద జాజు పట్టీ పూస్తం. నేర్పడానికి మనలో ఎవరి తల్లినైనా పిలిచి, మిస్త్రీ కూలి ఇచ్చి, గోడ మూలకు ఆమె పేరు రాద్దాం.

ఈసారి "మా ఇల్లు" గీయమంటే నేను మట్టి ఇల్లే గీస్త.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని